ఒకే పొడుగు... ఒకే ఇంజను! ఏ పడవ ఎక్కుదాం?

ఫిల్మ్‌నగర్‌లో అద్దెకి దొరకని వస్తువు ఉండదంటారు. పల్లకీ కావాలా? పాత అంబాసిడర్ కారు కావాలా? పోలీసు దుస్తులు యాభై జతలు కావాలా? ఒక్క ఫోను కొడితే చాలు. పడవ దగ్గరకొచ్చేసరికే ప్రొడక్షన్ మేనేజర్ తల పట్టుకుంటాడు. జూబ్లీహిల్స్ బండరాళ్ల మధ్య నది ఎక్కడిది మరి!

నదితో మన సినిమాకున్నది ఈనాటి చుట్టరికమా? ‘మూగమనసులు’(1964)లో అక్కినేని పడవవాడు. బాపు ‘అందాల రాముడు’(1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’(2006)... రెండూ భద్రాచలం దాకా నీటి మీదే నడిచిన కథలు. తెర మీద కనిపించే పడవ గురించి అందరం మాట్లాడుకుంటాం. దాన్ని పక్కనుంచి తీసే కెమెరా ఎక్కిన పడవ సంగతి ఎవరికీ పట్టదు. ఈ వారం ముచ్చట దాని గురించే.

ఒక పాట అనుకోండి. నాయకా నాయికా పెద్ద చెక్క నావలో ఉంటారు. కెమెరాకి చిన్న పడవ కావాలి. లారీలో వేసుకుని దాదాపు 400 కిలోమీటర్లు రాజమండ్రి దాకా తీసుకెళ్లాలి కాబట్టి తేలిగ్గా ఉండాలి. అందుకని అల్యూమినియం పడవ, వెనకాల బిగించే ఔట్‌బోర్డ్ మోటారు. ఉక్కు బరువులో అల్యూమినియం మూడో వంతే మరి. అమ్మేవాళ్లు రెండు చూపించారు. రెండూ 14 అడుగులే. రెంటికీ 15 హార్స్‌పవర్ మోటారే. రంగు కూడా ఒకటే. ధరలో తేడా స్వల్పం. ఒకటి 5 అడుగుల వెడల్పు, రెండోది 6 అడుగులు. మొదటిది చురుగ్గా పరిగెడుతుంది, నలుగురు మోసేస్తారు. రెండోది కాస్త మొద్దు.

చాలామంది మొదటిదే తీసుకుంటారు. ఒక్క అడుగుకి అంత ఆలోచనెందుకని!

ఆ అడుగు దగ్గరే ఉంది అసలు లెక్క. అడుగుభాగం ఆకారం ఒకేలా ఉన్నప్పుడు, పడవ పక్కకి ఒరగకుండా నిలబడే శక్తి స్థూలంగా వెడల్పుని మూడుసార్లు హెచ్చవేసినట్టు పెరుగుతుంది. ఐదు ఐదుల ఐదు 125. ఆరు ఆరుల ఆరు 216. వెడల్పు పెరిగింది ఐదో వంతే, నిలకడ పెరిగింది డెబ్బై శాతం పైన! చేపలు పట్టుకునేవాడు బుద్ధిగా కూర్చుంటాడు కాబట్టి సన్నపాటి పడవతో నెట్టుకొస్తాడు. సినిమా యూనిట్ కూర్చుంటుందా? కెమెరామన్ నిలబడతాడు. అసిస్టెంటు అతని నడుం పట్టుకుని నిలబడతాడు. ఇంకొకరు రిఫ్లెక్టరు బోర్డు ఎత్తుతారు. గాలి తగిలితే అది తెరచాపే. హీరో నావ ఎటుంటే అందరూ అటే వంగుతారు. మనుషులు నిలబడిన కొద్దీ బరువు పైకి జరుగుతుంది, పడవ బోల్తా కొట్టడానికి సిద్ధమవుతుంది.

ఎంతమంది ఎక్కొచ్చు? 20 అడుగుల లోపు పడవకి అమెరికాలో ఓ సులువైన సూత్రం వాడతారు. పొడుగునీ వెడల్పునీ అడుగుల్లో గుణించి 15తో భాగించడమే. మొదటిదానికి నాలుగున్నర చిల్లర, రెండోదానికి ఐదున్నర. అరమనిషి ఉండడు కాబట్టి నలుగురు, ఐదుగురు అనుకోవాలి. అదీ ఎండ కాసి, నీరు నిమ్మళంగా ఉన్న రోజున. ట్రైపాడ్, బ్యాటరీలు, టీ ఫ్లాస్కు అన్నీ లెక్కలోకి రావాల్సిందే. ఈ సైజు పడవ సుమారు 120 కిలోలకి ఒక అంగుళం చొప్పున నీళ్లలోకి దిగుతుంది. చివర్లో ‘నేనూ వస్తా’ అని ఎక్కే ఇద్దరు ఓ అంగుళం మింగేస్తారన్నమాట. పక్క అంచు ఎంత ఎత్తుందో టేపు పెట్టి కొలుచుకోండి. కొలిచేది ఖాళీ పడవని కాకుండా, మనుషులు ఎక్కాక చూడాలి.

ఇంతకంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. దాన్ని కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు. పడవ నిండా నీళ్లొస్తే ఏమవుతుంది?

మూగమనసులు కాలం నాటి చెక్క నావకి ఆ భయం కొంత తక్కువ. నీళ్లు నిండినా కర్రే కాబట్టి అంచుల దాకా మునిగి తేలుతూ ఉంటుంది, పట్టుకుని వేలాడొచ్చు. అల్యూమినియం లోహం. నిండితే నేరుగా అడుక్కి పోతుంది, మోటారు బరువుకి వెనక భాగం ముందుగా దిగిపోతుంది. అందుకే మంచి కంపెనీలు బల్లల కిందా, మోటారుకి అటూ ఇటూ నురుగు దిమ్మెలు పెట్టి మూసేస్తాయి. నీళ్లు నిండినా పడవ బల్లపరుపుగా తేలాలనేది ఉద్దేశం. అమెరికాలో 20 అడుగుల లోపు ఔట్‌బోర్డ్ పడవలకి ఇది తప్పనిసరి (2 హార్స్‌పవర్ లోపు బుల్లి మోటార్లకి మినహాయింపు). ఇక్కడ చవగ్గా తయారైనవాటిలో బల్ల కింద ఖాళీ డబ్బా ఉండొచ్చు. కాబట్టి నడుంలోతు నీళ్లలో, మోటారు బరువంత ఇసుక మూట వెనకాల కట్టి, బిందెలతో నీళ్లు నింపి చూపించమనండి. నవ్వితే నవ్వనివ్వండి. చూపించనంటే రెండో షాపుకి వెళ్లండి.

2016 నవంబరు 7న బెంగళూరు దగ్గరి తిప్పగొండనహళ్లి జలాశయంలో ‘మాస్తిగుడి’ అనే కన్నడ సినిమా షూటింగ్ జరిగింది. క్లైమాక్సు కోసం ముగ్గురు హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకారు. హీరో బతికి బయటపడ్డాడు. అనిల్, ఉదయ్ అనే ఇద్దరు నటులు మునిగిపోయారు. వాళ్లకి లైఫ్ జాకెట్లు లేవు. వాళ్లని తీసుకురావాల్సిన మోటారు పడవ సమయానికి అక్కరకు రాలేదు. కెమెరాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఆ దృశ్యాలు టీవీల్లో చూసినవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేరు.

షూటింగులకే ఇలా అనుకోకండి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పర్యాటకుల పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. ఆ సుడి ఎన్ని కుటుంబాల్ని మింగిందో మనకి తెలుసు. అవి పెద్ద పడవలే. ఇక చిన్నదానికి ఆ ప్రవాహం లెక్కా? దుర్గం చెరువులాంటి నిలవ నీటిలో బాగా నడిచిన పడవ గోదావరి మలుపులోనూ అలాగే నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక మోటారు. దాదాపు 40 కిలోలుండే దీన్ని బిగించే వెనక పలక ఎత్తు సాధారణంగా 15 అంగుళాలు లేదా 20 అంగుళాలు ఉంటుంది. మోటారు కాలు కూడా అదే కొలతలో వస్తుంది. పలక ఎత్తుగా ఉండి కాలు పొట్టిదైతే ఫ్యాను నీటి బదులు గాలి పీలుస్తుంది, ఇంజను అరుస్తుంది గానీ పడవ కదలదు. కాలు పొడుగైతే వేసవిలో ఇసుక మేటలకి తగులుకుంటుంది. రెండో పడవకి మొదటిదాని మోటారు ‘సరిపోతుందిలెండి’ అంటారు చూశారూ, అక్కడ టేపు తీయాలి. మోటారు దగ్గర వేలాడే ఎర్రతాడుని సరంగు మణికట్టుకి కట్టుకోవాలి. అతను నీళ్లలో పడితే ఇంజను ఠక్కున ఆగిపోతుంది. 26 అడుగుల లోపు పడవల్లో దీన్ని కట్టుకోవడం అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి చట్టమే. డల్లాస్‌లోనో మిన్నెసోటాలోనో ఉన్న మీ అబ్బాయి ‘వీకెండ్‌కి బోటు కొన్నాను నాన్నా’ అంటే ముందు ఈ తాడు గురించి అడగండి.

రివెట్లా, వెల్డింగా అన్న వాదన ఉంది. రివెట్లు కొట్టినవి తేలిక, ఏళ్లు గడిస్తే వదులై చెమ్మ కారతాయి. వెల్డింగు చేసినవి గట్టివి, బరువు. లారీలో ఊళ్లు తిరిగేదానికి నా ఓటు వెల్డింగుకే. కాకినాడ, భీమిలి వైపు ఉప్పునీళ్లలో దింపుతామంటే పడవకి జింకు దిమ్మెలు ఉండాలి. లేకపోతే రాగి, ఉక్కు మేకుల పక్కన అల్యూమినియాన్ని ఉప్పు తినేస్తుంది. పడవకి మోటారు పెడితే సర్వే, రిజిస్ట్రేషన్ కూడా చూసుకోవాలి. 1917 నాటి చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. ‘షూటింగే కదా’ అనే మినహాయింపు దానికి తెలీదు.

ఇంతకీ ఏ పడవ? కెమెరాకి ఆరడుగులదే. వేగం తక్కువన్నది అక్కడ లోపమే కాదు, నావ పక్కన నింపాదిగా సాగేదానికి పరుగెందుకు? సన్నదాన్ని కూడా వదులుకోవద్దు. కొనే స్తోమత లేకపోతే అద్దెకైనా తెచ్చి పక్కన ఉంచుకోవాలి. దానిమీద కెమెరా, లైటు, టీ ఫ్లాస్కు ఏవీ ఎక్కకూడదు. సరంగూ, ఈత వచ్చిన మరొకరూ, తాడు కట్టిన ట్యూబులూ చాలు. పొద్దున్నే ఇంజను ఒక్క లాగుడుకి స్టార్ట్ అవుతోందో లేదో చూసుకోవాలి. డైరెక్టర్ ‘స్టార్ట్ కెమెరా’ అనే ముందే అది న్యూట్రల్‌లో తిరుగుతూ ఉండాలి. ఆ రోజు పెట్రోలు రెండు మూడు లీటర్లు ఎక్కువ ఖర్చవుతుంది. హీరోకీ హీరోయిన్‌కీ షాటు అయిపోగానే జాకెట్లు తొడిగేస్తారు. కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులకీ, రిఫ్లెక్టరు పట్టుకున్న కుర్రాడికీ, ఆ సరంగుకీ సరిపడా జాకెట్లు లారీలో ఎక్కించారో లేదో బయల్దేరే ముందు లెక్కపెట్టుకోండి.