మీ పిల్లల ఎత్తు మీకు తెలుసా?

మీ అమ్మాయి పోయిన ఏడాది ఎంత ఎత్తు ఉంది? ఈ ఏడాది ఎంత ఉంది? ఈ రెండు ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబు చెప్పే తల్లిదండ్రులు మా ఆసుపత్రికి వచ్చేవారిలో చాలా తక్కువ. మార్కులు అడిగితే సబ్జెక్టులవారీగా చెబుతారు. తులం బంగారం ధర చెబుతారు. పిల్ల ఎత్తు మాత్రం "ఉంటది సార్, నా భుజం దాకా" అంటారు.

ముందుగా ఒక సినిమా సంగతి చెబుతాను. కథాచిత్రం కాదు, డాక్యుమెంటరీ. 1964లో ఇంగ్లండులో గ్రనాడా టెలివిజన్ వారు 'సెవెన్ అప్' అనే చిత్రం తీశారు. కలవారి పిల్లలు, పేదల పిల్లలు, అనాథ శరణాలయంలోని పిల్లలు, మొత్తం పద్నాలుగు మంది ఏడేళ్లవాళ్లను కూర్చోబెట్టి బడి గురించి, ఆటల గురించి, పెద్దయ్యాక ఏమవుతారని అడిగారు. అంతటితో ఊరుకోలేదు. మైకేల్ ఆప్టెడ్ అనే దర్శకుడు ప్రతి ఏడేళ్లకూ వెళ్లి మళ్లీ వాళ్లనే చిత్రించాడు. కొందరు మధ్యలో తప్పుకున్నా, 2019లో వాళ్లకు అరవై మూడేళ్లు వచ్చేదాకా ఆ వరుస సాగింది. ఏడేళ్లప్పుడు గలగలా మాట్లాడిన పిల్లల్లో కొందరు పద్నాలుగో ఏట కెమెరా ముందు తల వంచుకుని నసుగుతారు. అది జబ్బు కాదు, వయసు. దానికి టానిక్ రాయమని మాత్రం నన్ను అడక్కండి.

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. కెమెరాతో కాదు, కొలబద్దతోనూ ప్రశ్నలతోనూ. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలతో మొదలైంది. ఎంచుకున్న జిల్లాల్లో మన కరీంనగర్ ఒకటి. కొన్నేళ్లకోసారి వెళ్లి ఆ పిల్లల ఎత్తు, బరువు, చదువు, తిండి రాసుకున్నారు. పసితనంలో కరువు దెబ్బ తిని ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకు బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం ఆ లోటును చాలావరకు పూడ్చిందని ఆ లెక్కల్లోనే తేలింది. బడి అన్నమా అని ముక్కు విరిచేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మధ్య జగిత్యాల వైపు నుంచి ఒక తండ్రి తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని తీసుకొచ్చాడు. దుబాయిలో పని చేసి రెండేళ్ల తర్వాత ఇంటికి వచ్చిన మనిషి. "సారూ, నేను పోయేటప్పుడు ఎట్లున్నదో ఇప్పుడు గట్లనే ఉన్నది" అన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. "ఏం రోగం లేదు సారూ. ఎప్పుడు చూసినా పండుకుంటది. బీడీలు చెయ్యమంటే చేతులే కదలయి. బడిలో కూడ మొద్దు అంటున్నరు. బడి మాన్పిద్దామనుకుంటున్న" అంది.

తల్లి తప్పు కాదిది. రోజూ చూసే కంటికి మార్పు ఆనదు, మారకపోవడమూ ఆనదు. రెండేళ్ల ఎడం తర్వాత చూసినవాడికి ఆనింది. ఆయన రోజూ ఫోన్‌లో బిడ్డ ముఖం చూస్తూనే ఉన్నాడు. కానీ ఫోన్‌లో ఎత్తు కనబడదు కదా! బడిలో తీయించిన గ్రూపు ఫోటోలు తెమ్మన్నాను. ఏడో తరగతిలో పక్కపిల్లల చెవి దాకా ఉన్న అమ్మాయి తొమ్మిదిలో వాళ్ల భుజం దాకే ఉంది. రెండేళ్ల కింద బతుకమ్మకు కుట్టించిన లంగా ఇంకా సరిపోతోందని తల్లే చెప్పింది. బట్ట గట్టిదని సంతోషించిందట పాపం.

అమ్మాయి ముఖం కొంచెం ఉబ్బి ఉంది. చర్మం పొడిబారింది. నాడి నెమ్మది. మలబద్ధకం. మే నెల ఎండల్లో కూడా దుప్పటి కప్పుకుంటుందట. పద్నాలుగేళ్లు దాటినా రజస్వల కాలేదు. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ గ్రంథి చాలా మందకొడిగా పనిచేస్తోందని తేలింది. సోమరితనమూ కాదు, మొద్దుతనమూ కాదు.

దీనికి మందు ఉంది, ఖరీదూ తక్కువే. థైరాక్సిన్ మాత్ర రోజూ పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట తర్వాతే ఏదైనా తినాలి, తాగాలి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర దీనితో కలిపి వేయకూడదు, కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. మధ్యాహ్న భోజనం తర్వాత వేసుకుంటే సరిపోతుంది. మోతాదు డాక్టరే నిర్ణయించాలి, పక్కింటివారి చీటీ పనికిరాదు. ఆలస్యం చేస్తే పోయిన ఎత్తు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

కాబట్టి దసరాకు ఒకసారి, బడులు తెరిచేటప్పుడు ఒకసారి పిల్లల ఎత్తు కొలవండి. చెప్పులు లేకుండా, మడమలు గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి పెన్సిలుతో గీత గీయండి. పక్కన తేదీ వేయండి. సున్నం వేసేటప్పుడు ఆ గీతలు చెరిగిపోతాయి, నోటుబుక్కులో కూడా రాసుకోండి. నాలుగేళ్లు దాటినప్పటి నుంచి యౌవనం మొదలయ్యేదాకా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరగాలి. 4 కన్నా తక్కువైతే డాక్టరుకు చూపించండి. పదమూడేళ్లకూ రొమ్ములు రావడం మొదలుకాని అమ్మాయిని, పదిహేనేళ్లకూ రజస్వల కాని అమ్మాయిని, పద్నాలుగేళ్లకూ యౌవన లక్షణాలు కనబడని అబ్బాయిని కూడా చూపించాలి. పొట్టి తల్లిదండ్రుల పిల్లలు పొట్టిగా ఉండవచ్చు, కానీ ఏటేటా పెరుగుతూనే ఉంటారు. తేడా అక్కడే ఉంది. ఎత్తు పెంచే పొడుల డబ్బాలకు డబ్బు పోయవద్దు.

ఆదిలాబాద్ ఏజెన్సీ వైపు మరో మాట. గోండు, కొలాం పిల్లల్లో ఎదుగుదల తగ్గడంతో పాటు కీళ్లనొప్పులు తరచూ వస్తుంటే, కళ్లు పచ్చబడుతుంటే సికిల్ సెల్ పరీక్ష చేయించాలి. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్ష ఉచితం.

ఆ అమ్మాయి బడి మానలేదు. ఆరు నెలల తర్వాత తల్లి ఒక్కతే తోడు వచ్చింది. తండ్రి మళ్లీ దుబాయి పోయాడట. "సారూ, లంగా పొట్టిగైంది, అంచు మడత విప్పిన" అంది. "ఇగ గోలీలు బందు చెయ్యొచ్చా?" అని అడిగింది.

వద్దమ్మా, అన్నాను. మళ్లీ పరీక్షకు రాసిచ్చాను.