ఫ్యాను కింద మంచానికి వారసుడెవరు?



"గొప్పింట్లో పుట్టుంటే మన బతుకు వేరేగా ఉండేది రా" అని మనలో చాలామంది అంటుంటారు. నేనూ అన్నవాణ్ణే. కానీ విహారయాత్రకు తిరుమల పోయొచ్చాక ఆ మాట మీద నాకు అనుమానం వచ్చింది.

గుడి మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు, రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడిన రాగి విగ్రహాలు ఉన్నాయి. రాయలు 1513 మొదలు ఏడుసార్లు కొండకు వచ్చాడు. 1514లో 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేయించాడు. అంత కలిగిన ఇంట్లో పుట్టాడు తిరుమలరాయలు. కొండ పేరే పిల్లవాడి పేరు. 1524లో తాను బతికుండగానే రాయలు ఆ ఆరేళ్ల కొడుక్కి పట్టం కట్టాడు. మనం పలక పట్టుకుని బడికి పోయే వయసు అది! ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయి. ఆ ఉత్సవాల్లోనే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. విషం పెట్టారని అనుమానించి ముసలి మంత్రి తిమ్మరుసు కళ్లు తీయించారని నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసిపెట్టాడు.

రాయల సవతి తమ్ముడు అచ్యుతరాయలిని మన పక్కనున్న చంద్రగిరి కోటలోనే కాపలాలో ఉంచారు. గద్దెకు అడ్డొస్తాడని భయం. 1529లో రాయలు పోయాక ఆయనే రాజయ్యాడు. చూడండి, వారసుడికీ సుఖం లేదు, కానివాడికీ లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన హాస్టల్లోనూ వారసులున్నారు. పదో తరగతి అన్నలు పోతూపోతూ ఫ్యాను కింద మంచం, కిటికీ పక్కన పెట్టె పెట్టుకునే చోటు తమ ఊరి తమ్ముడికి ఇచ్చిపోతారు. ఊరివాళ్లెవరూ లేని ఐదో తరగతి పిల్లోడికి వాన కారే మూల మిగులుతుంది. మంచమంటే రాజ్యమేం కాదు. కానీ రాత్రి నిద్ర లేనివాడికి పొద్దున లెక్కలు ఎక్కవు.

"అన్న ప్రేమతో ఇచ్చాడు, తప్పేముంది?" అని అడగొచ్చు. పాత పుస్తకాలు, చొక్కా ఇవ్వనీ, అవి అన్న సొంతం. మంచం మాత్రం అందరిదీ. తిరుమల గుడి పెత్తనం 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతుల్లో, గురువు తర్వాత శిష్యుడికి వస్తూ ఉండేది. 1933లో చట్టం చేసి కమిటీకి అప్పజెప్పారు. అంత పెద్ద గుడిలోనే పద్ధతి మారినప్పుడు మన హాల్లో మారదా?

నా సలహా ఇది. ఒంట్లో బాగాలేనివాళ్లకు, చిన్నపిల్లలకు ముందు మంచి చోటు ఇవ్వాలి. మిగిలినవాటికి మూడు నెలలకొకసారి అందరి ఎదుట చీట్లు వేయాలి.

ఒక్క మాట దాచకూడదు. ఫ్యాను కింద రెండో మంచం నాదే. మా ఊరి అన్న ఇచ్చిపోయాడు. రెండేళ్లుగా హాయిగా పడుకుంటున్నా, ఆ మూల ఎవరు తడుస్తున్నారో ఒక్కసారీ లేచి చూడలేదు. సార్ ఒప్పుకుంటే వచ్చే ఆదివారమే మొదటి చీటీ నా మంచానికి వేయండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి