రెండు రోజుల పెద్దవాడు

రెండు రోజులంటే ఏపాటి కాలం? దర్జీ రెండు రోజుల్లో ఇస్తానని చెప్పి రెండు వారాలు తిప్పుతాడు. మనం పెద్దగా పట్టించుకోం. కాని ఆ రెండు రోజులే ఒక పిల్లవాడి నెత్తిన మూడేళ్ళ బరువై కూర్చోవడం ఈమధ్య కళ్ళారా చూశాను.

మా జ్యోతినగర్ ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక పక్క విద్యుత్కేంద్రం పొగగొట్టాలు, ఇంకో పక్క గోదావరిఖని బొగ్గుబావులు. ఇక్కడ మనుషుల నిద్రా, భోజనం అన్నీ షిఫ్టుల లెక్కనే. మా పక్కింటాయనకు విద్యుత్కేంద్రంలో ఉద్యోగం. ఆయన కొడుకు ఈతగాడు. తెల్లవారకముందే తువ్వాలు భుజాన వేసుకుని సైకిలెక్కి పోతాడు. నన్ను తాతా అంటాడు. నాకూ ఆ పిలుపు బాగానే ఉంటుంది.

మా చిన్నతనంలో ఈతకు ఇంత హంగు లేదు. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి వ్యవసాయపు బావిలోకి తోసేవారు. తేలినవాడు ఈత వచ్చినవాడు. పుట్టిన తేదీ ఎప్పుడని బావి ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు అడుగుతారు. మొన్న పాఠశాలల పోటీలకు ఎంపికలు జరిగాయి. ఆ సాయంత్రం కుర్రవాడు మా అరుగు మీద కూర్చుని, తల ఎత్తకుండా అన్నాడు:

"తాతా, వానికన్న నేనే ముందు గోడ ముట్టిన. అయినా వాడే పోతున్నడు."

'వాడు' అంటే వాడి ప్రాణస్నేహితుడు. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే ఎత్తు. స్నేహితుడు పుట్టింది జనవరి 1న. మనవాడు దానికి రెండు రోజుల ముందు, డిసెంబరు 30న. చిక్కంతా అక్కడే ఉంది.

పాఠశాలల క్రీడల్లో పద్నాలుగు లోపు, పదిహేడు లోపు, పంతొమ్మిది లోపు అని మూడు తరగతులు. వయస్సు లెక్కకు ఆ సంవత్సరం డిసెంబరు 31 గీటు. ఆనాటికి పద్నాలుగు నిండితే, ఈరోజు నీకు పదమూడేళ్ళే అయినా సరే, పై తరగతికి పోవలసిందే. స్నేహితుడికి గీటు దాటిన మర్నాడు పద్నాలుగు నిండుతాయి. కనుక వాడు చిన్నవాళ్ళలో అందరికన్నా పెద్దవాడు. మనవాడికి గీటుకు ఒక రోజు ముందే నిండుతాయి. కనుక వాడు పెద్దవాళ్ళలో అందరికన్నా చిన్నవాడు. పక్క వరుసలో నిలబడినవాడు వీడికన్నా మూడేళ్ళకు రెండు రోజులు తక్కువగా పెద్దవాడు కావచ్చు.

ఆ ఈడులో మూడేళ్ళంటే మాటలా? పద్నాలుగేళ్ళ ప్రాంతంలోనే మగపిల్లలు వెదురుబొంగుల్లా సాగుతారు. చేతులు పొడుగవుతాయి, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు మారుతుంది. ఈతలో చెయ్యి పొడుగు అంటే పడవకు తెడ్డు పొడుగు అన్నమాట. ఆ తెడ్లముందు మావాడు ఆరోవాడుగా వచ్చాడు.

రాత్రి పిల్లవాడి తండ్రి వచ్చాడు. రెండో షిఫ్టు దిగి, స్నానమైనా చేయకుండా వచ్చాడు. కాసేపు వానల గురించి మాట్లాడి, అసలు సంగతి బయట పెట్టాడు.

"సార్, మీరు పెద్దసారుగా చేసినోళ్ళు. మీకు తెలిసినోళ్ళు ఉంటరు గదా. రెండు రోజులే. జనవరి ఒకటి అని రాయిస్తే పోరడు బతుకుతడు."

ఆయన చెడ్డవాడు కాదు. కొడుకు అన్నం ముట్టలేదు. తండ్రి మనస్సు ఆగలేదు. నాకు ఇంకో ఇబ్బంది ఉంది. నీతులు చెప్పడానికి నా చేతులు అంత శుభ్రమైనవి కావు.

నేను బడిపంతులుగా చేరిన రోజుల్లో జూన్ వచ్చిందంటే తండ్రులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని తెచ్చేవారు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. "పెద్దవాన వచ్చిన ఏడు" అనేవారు. "మా బర్రె ఈనిన నెల" అనేవారు. పిల్లవాడి కుడిచెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమచెవి అందితే బడి ఈడు వచ్చినట్టు. అందగానే రిజిస్టరులో జులై 1 అని రాసి, అయిదేళ్ళు నిండేట్టు సంవత్సరం వెనక్కి లెక్కగట్టేవాణ్ణి. ఆ విధంగా నా కలం కింద ఎందరు జులై 1న పుట్టారో భగవంతుడికే తెలియాలి.

కొన్నేళ్ళ క్రితం గోదావరిఖని బజారులో ఒకాయన కాళ్ళకు దండం పెట్టాడు. నా పాత శిష్యుడు. బొగ్గుబావిలో పనిచేసి అప్పుడే రిటైరయ్యాడు. నవ్వుతూనే అన్నాడు:

"సారూ, నన్ను మా అమ్మ ఒకసారి కన్నది, మీరు ఒకసారి కన్నరు. మీరు కన్నదే పుస్తకంలకెక్కింది. నాకింక రెండేండ్ల కొలువుండె."

నవ్వుతూ అన్న మాటే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళ జీతం ఎంతో లెక్కవేసి మానుకున్నాను.

పక్కింటాయనకు ఈ కథంతా చెప్పాను. "తేదీ ఒకసారి తప్పుగా రాస్తే అది పరీక్ష కాగితం మీదికి, పాస్‌పోర్టు మీదికి, పింఛను దాకా వెంట వస్తుంది. పైగా ఇప్పటి రోజుల్లో పట్టుబడతారు" అన్నాను. వయస్సు మోసాల మీద కేంద్రప్రభుత్వం 2010లోనే నియమావళి తెచ్చింది. క్రికెట్ పిల్లలకు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయస్సు చూస్తున్నారు. చూడండి చిత్రం! మా చెవి అందుకునే పరీక్షా అదే కదా. కాలెండరును కాక ఒంటిని అడగడం.

మరి ఈ గీటు అన్యాయం కాదా అంటారు. కొంత అన్యాయమే. 1985లో కెనడాలో బార్న్‌స్లీ అనే ఆయనా, ఆయన సహచరులూ మంచు హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలు పరిశీలించారు. అక్కడ గీటు జనవరి 1. పైకి వచ్చిన కుర్రవాళ్ళలో సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా తేలారు. డిసెంబరు పిల్లలు తెలివితక్కువవారు కారు. నెలలు తక్కువవారు, అంతే. ఆస్ట్రేలియాలో ఈత పిల్లల విషయంలోనూ ఇదే కనిపించింది. కాని వయస్సు పెరిగేకొద్దీ ఆ తేడా కరిగిపోయిందని పరిశోధకులు చెప్పారు. నెలల తేడాను బట్టి సమయాన్ని సవరించే లెక్కలు కూడా కట్టి చూశారు.

గీటు జరిపితే పోదా అంటారా? ప్రపంచ ఈత సంస్థ వయోవర్గాల లెక్కా డిసెంబరు 31దే. అమెరికాలో అలా కాదు. పోటీ మొదటిరోజున నీ వయస్సెంతో అదే లెక్క. అక్కడ పుట్టినరోజు పోటీకి ముందురోజు వచ్చిన పిల్లవాడు ఏడుస్తాడు. గీటు ఎక్కడ గీసినా దాని అంచున ఒక పిల్లవాడు నిలబడి ఉంటాడు. అసలు గీయకపోతే పదేళ్ళవాడు పదహారేళ్ళవాడి పక్కన దూకాలి. కాబట్టి గీటు ఉండాలి. కాని దాన్ని చూసి పిల్లవాడికి వెల కట్టకూడదు. ఆ పని గీటు చేయదు, పెద్దలం మనం చేస్తాం.

మర్నాడు కుర్రవాణ్ణి పిలిచాను. ఒక నోటుపుస్తకం ఇచ్చి, నిరుటి సమయం, ఈ ఏటి సమయం పక్కపక్కన రాయమన్నాను. యాభై మీటర్లకు రెండు సెకన్లకు పైగా తగ్గింది! ఆరోవాణ్ణన్న దిగులులో ఆ సంగతి వాడే చూసుకోలేదు.

"ఈ ఏడు నువ్వు ఆ తరగతిలో కడగొట్టువాడివి. ఎల్లుండి సంవత్సరం పెద్దవాళ్ళలో ఒకడివి. అప్పటిదాకా ఈ పుస్తకంలో నీతోనే నీకు పోటీ" అన్నాను.

ఇంకో మాట కూడా చెప్పాను. 1952లో ఆరతీ సాహా హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళినప్పుడు ఆమెకు పదకొండేళ్ళు. 2024లో బెంగుళూరు పిల్ల ధినిధి దేసింగు పారిస్‌లో ఈదినప్పుడు పద్నాలుగేళ్ళు. అక్కడ చిన్నవాళ్ళకు వేరే తరగతి లేదు. ఇద్దరూ పతకం తేలేదు. అయినా ఆరతి 1959లో ఇంగ్లీషు కాలువ ఈదింది. నీళ్ళలోనే ఉన్నవాళ్ళకు దారి దొరుకుతుంది.

వాడు శ్రద్ధగా విన్నాడు. స్నేహితుడి పోటీ చూడటానికి తానూ వెళ్తానన్నాడు. వాడికి మంచి కళ్ళద్దాలు లేవు, తనవి ఇస్తాడట. ఇక్కడ మాత్రం నాకు కళ్ళు చెమర్చాయి.

లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"తాతా, నీ పుట్టినరోజు ఎప్పుడు?"

"జులై ఒకటి" అన్నాను, ఆలోచించకుండా.

వాడు పకపకా నవ్వాడు. "అయితే నువ్వు ఏ గ్రూపు తాతా?"

ఆ రిజిస్టరు రాసిన మా పంతులుగారు ఇప్పుడు లేరు. నేనూ నవ్వి ఊరుకున్నాను.