రిజిస్టరుకెక్కని అభిప్రాయం

2025 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలోని 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో విలీనం చేసి, 150 వార్డులను 300గా విభజిస్తూ ముసాయిదా వెలువరించారు. అభ్యంతరాలు, సూచనలు తెలపవలసిందిగా ప్రజలను కోరారు. ఇచ్చిన వ్యవధి కొద్ది రోజులే. నాకు తెలిసిన ఒక అపార్టుమెంటు నివాసుల సంఘం రెండు రోజులలోనే పటం ముందు పెట్టుకుని, తమ అభ్యంతరాలను టైపు చేయించి, సమర్పించి, రసీదు తెచ్చుకుంది. ఆ అపార్టుమెంటులో ఇళ్లు ఊడ్చే మహిళలు, కార్లు నడిపే యువకులు, రాత్రి కాపలా కాసే వృద్ధులు నివసించే బస్తీ అక్కడికి అర కిలోమీటరు దూరం. అక్కడ విచారిస్తే ముసాయిదా వచ్చిందన్న సంగతి తెలిసినవారే నలుగురైదుగురు. వారూ మాట్లాడుకున్నారు కాని, వ్రాయలేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. ఆ అనుభవంతో ఒక మాట చెప్పగలను. కార్యాలయానికి చెవులు లేవు, కళ్లు మాత్రమే ఉన్నాయి. తపాలులో కాగితం రావాలి, దానికి నంబరు పడాలి, ఆ నంబరు గుమాస్తా పర్సనల్ రిజిస్టరులోకి ఎక్కాలి. నంబరు పడిన కాగితాన్ని పక్కన పెట్టడానికైనా ఎవరో ఒకరు కారణం వ్రాసి సంతకం చేయవలసి ఉంటుంది. కార్యాలయం మెట్ల మీద నిలబడి గంటసేపు మొరపెట్టుకున్నా, ఆ మాట సాయంత్రానికి ఎక్కడా ఉండదు. మా సెక్షనులో మేము అమానుషులమని కాదు, పని నడిచే తీరే అది.

1998లో సైబర్ టవర్స్ వెలిసినప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి నగరానికి దూరపు గ్రామాలు. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లితో సహా 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలవడంతో జీహెచ్‌ఎంసీ రూపొందింది. ఈ కాలమంతటా మహబూబ్‌నగర్, కర్నూలు, మెదక్ జిల్లాల నుంచి, పాతబస్తీ నుంచి పనుల కోసం వచ్చిన ముస్లిం కుటుంబాలు ఈ అద్దాల మేడల సందులలో స్థిరపడ్డాయి. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో రోడ్లు, నీరు, పారిశుద్ధ్యం వంటి సదుపాయాలు నాసిరకంగా ఉన్నాయని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. దేశంలోకెల్లా సంపన్నమైన ఐటీ కేంద్రాలలో ఒకటైన ఈ ప్రాంతంలోనూ ఆ మాట పాతబడలేదు.

గత రెండు నెలలుగా కొన్ని బస్తీలలో ఇంటింటికీ తిరిగి, స్థానిక సేవలపై మీ అభిప్రాయమేమని అడుగుతూ వచ్చాను. తిట్లే వినవలసి వస్తుందనుకున్నాను గాని, అలా జరగలేదు. చెత్త ఆటో దాదాపు రోజూ వస్తున్నదని చాలామంది ఒప్పుకున్నారు. బస్తీ దవాఖానాను మెచ్చుకోని తల్లి కనబడలేదు. బీపీ, షుగరు మాత్రల కోసం మునుపు నెలకు ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టి చెప్పిన పెద్దమ్మలున్నారు. ఈ మెప్పు కూడా కాగితం మీదికి రావాలని నా మనవి. దవాఖానాను రేపు మరో చోటికి తరలిస్తామంటే, ఇది ఇక్కడ ఎందరికి ఆధారమో చెప్పే దస్త్రం మన దగ్గర ఉండవద్దా?

ఫిర్యాదులలో మొదటిది నీరు. అర్ధరాత్రి దాటాక నల్లా వస్తే బిందెలు పట్టేది ఎవరు? తెల్లవారితే పనికి వెళ్లవలసిన ఆ ఇంటి ఆడపడుచే. రెండవది పొంగే మురుగు కాలువ. మూడవదాన్ని స్వరం తగ్గించి చెప్పారు: మరణం సంభవిస్తే ఖబ్రస్తాన్ ఎక్కడ? జనాజాను సొంత ఊరికో, పాతబస్తీకో తీసుకుపోవలసి వస్తున్నదని, ఆ బండి కిరాయికే అప్పు చేశామని ఒక అన్న చెప్పాడు. అంత్యక్రియలకు స్థలం చూపడం 1955 నాటి నగరపాలక చట్టం కార్పొరేషన్‌పై పెట్టిన విధులలో ఒకటి. అది దయ కాదు, విధి. మరి అర్జీ పెట్టారా అని అడిగితే, అన్న తల అడ్డంగా ఊపాడు.

2024 నవంబరులో గచ్చిబౌలి సమీపంలోని సిద్ధిక్‌నగర్‌లో, పక్క స్థలంలో పునాదికి తవ్వకం జరుగుతుండగా ఒక ఇరుకు స్థలంలోని బహుళ అంతస్తుల భవనం ఒరిగిపోయింది. నివాసులను ఖాళీ చేయించి, అధికారులు దానిని కూల్చివేశారు. ప్రాణాలు దక్కాయి, సామాను దక్కనివారున్నారు. మన గోడ పక్కన అటువంటి గుంత పడిన రోజే ఫిర్యాదు చేయాలి. ‘మేము కిరాయిదారులం, మాకెందుకు’ అనే మాట చాలా ఇళ్లలో విన్నాను. ఫిర్యాదు చేయడానికి ఇంటి పట్టా అక్కరలేదు.

ఇందులో మన సంఘాల తప్పు కూడా ఉంది, చెప్పక తప్పదు. రంజాన్‌కు ముందు వీధిదీపాల కోసం, బక్రీద్‌కు ముందు వ్యర్థాల తొలగింపు కోసం వినతిపత్రాలు ఇస్తాము, ఫొటో దిగుతాము. మిగిలిన పది నెలలూ ఆ కార్యాలయం వైపు చూడము. 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీల గురించి చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. వాటిలో కూర్చోవడానికి మన మహిళలను సిద్ధం చేసిన సంఘాలు ఎన్ని?

2020లో ఎన్నికైన పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరితో ముగిసింది. ఓట్ల కోసం వచ్చేవారికి నోటిమాటగా కాక, తేదీలు, నంబర్లతో సహా చెప్పగలగాలి. అర్జీ తెలుగులో వ్రాయవచ్చు, ఉర్దూలోనూ వ్రాయవచ్చు. 2017లో రాష్ట్రమంతటికీ ఉర్దూ రెండవ అధికార భాష అయింది. ఒక్క అర్జీలో ఒక్క విషయమే ఉండాలి. నాలుగు విషయాలు కలిపితే నాలుగు సెక్షన్ల మధ్య అది తిరుగుతూనే ఉంటుంది. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు వదలకండి. నెల దాటినా జవాబు లేకుంటే, ఆ నంబరు పేర్కొని సమాచార హక్కు చట్టం కింద ఏమైందని అడగండి. ముప్పై రోజులలో బదులివ్వవలసి ఉంటుంది.

మా మస్జిద్ కమిటీ వారు రెండు వందల పేజీల రిజిస్టరు ఒకటి కొన్నారు. జుమా నమాజు తరువాత దానిని వరండాలో ఉంచుతున్నాము. మహిళల కోసం మరొకటి ఒక టీచరమ్మ ఇంట్లో ఉంది. ఆమె రిజిస్టరులో ఇప్పటికి పదకొండు పద్దులున్నాయి, మా దాంట్లో నాలుగు.