చిరునామా మార్చకండి

ఏదైనా ప్రభుత్వ శాఖ వెబ్‌సైటు కొత్తగా ముస్తాబైందని వింటే నాకు గుబులు పుడుతుంది. రంగులు మారతాయి, మంత్రిగారి ఫొటో పెద్దదవుతుంది, నిన్నటిదాకా తెరుచుకున్న పాత జీవోల లింకులు మాత్రం వరసపెట్టి ‘404, పేజీ దొరకలేదు’ అంటాయి. జీవో ఎక్కడికీ పోయి ఉండదు, అదే సర్వర్‌లో ఏ మూలో పడి ఉంటుంది. దాని చిరునామా మారింది. మారిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

వెబ్‌ పేజీ పెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. మామూలు అక్షరాల ఫైలు ఒకటి రాసి, శీర్షిక ఏదో పేరా ఏదో తెలిసేలా ట్యాగులు తగిలించి, ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్‌లో ఉంచితే పేజీ తయారు. లింకు ఇంకా తేలిక. ఒక ట్యాగు, అందులో అవతలి పేజీ చిరునామా, అంతే. కష్టమంతా ఆ తర్వాతే ఉంది: ఆ పేజీని పదేళ్లయినా అదే చిరునామాలో నిలబెట్టడం.

1989లో టిమ్‌ బెర్నర్స్‌-లీ జెనీవా దగ్గరి సెర్న్‌ పరిశోధన కేంద్రంలో వెబ్‌కు తొలి ప్రతిపాదన రాసింది కూడా సమాచారం పోతోందనే. అక్కడికి శాస్త్రవేత్తలు వస్తుంటారు, రెండేళ్లుండి పోతుంటారు, ఏ వివరం ఎక్కడుందో వాళ్లతోపాటే పోతుంది. దానికి ఆయన చూపిన మందు లింకు. అంతకు ముందే, 1960లలో, టెడ్‌ నెల్సన్‌ అనే అమెరికన్‌ ఇలాంటిదే ఊహించాడు. ఆయన లింకు రెండువైపులా తెలిసేది: నేను మీ పేజీకి లింకిస్తే మీ పేజీకీ ఆ కబురు అందాలి. బెర్నర్స్‌-లీ ఆ పట్టింపు వదిలేశాడు. ఎవరు ఎవరికైనా లింకివ్వొచ్చు, అనుమతి అక్కర్లేదు, అవతలివాళ్లకు తెలియనక్కర్లేదు. వెబ్‌ ఊరూవాడా అల్లుకుపోయిందంటే ఆ స్వేచ్ఛ వల్లే. 1993 ఏప్రిల్‌ 30న సెర్న్‌ వెబ్‌ను పైసా అడగకుండా లోకానికి వదిలేయడమూ కలిసొచ్చింది. కానీ నా పేజీని ఎవరెవరు నమ్ముకున్నారో నాకు తెలియదు కాబట్టి, నేను దాన్ని తీసేసినా నన్ను అడిగేవాడుండడు. ఆ బేరంలో మనం చెల్లిస్తున్న వెల ఇదే.

ఆ వెల చిన్నదేమీ కాదు. 2013లో ఉన్న వెబ్‌ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత దొరకలేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్‌ సెంటర్‌ 2024లో లెక్క తేల్చింది. 2009లో యాహూ తన జియోసిటీస్‌ వెబ్‌ పేజీల సేవను మూసేసినప్పుడు మామూలు జనం ఇష్టంగా కట్టుకున్న లక్షలాది పేజీలకు నిలువనీడ లేకుండా పోయింది. కొన్నయినా మిగిలాయంటే 1996 నుంచి వెబ్‌ను భద్రపరుస్తున్న ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌ లాంటివాళ్ల చలవే.

చిరునామాలో ఏం పెట్టకూడదో బెర్నర్స్‌-లీ 1998లోనే విడమరిచి రాశాడు. రాసినవారి పేరు వద్దు, ‘తాజా’, ‘చిత్తుప్రతి’ లాంటి మాటలు వద్దు, వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ ఆనవాలు అసలే వద్దు. రేపు మారేవన్నీ అవే కదా. చిరునామా మార్చక తప్పకపోతే, పాతదాని దగ్గరికి వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే ‘301’ దారిమళ్లింపు ఉంది. ఒక్కసారి చేయాల్సిన పని. మన శాఖలు వెబ్‌సైటు టెండర్లో ఆ ఒక్క షరతు రాయించవు.

మన భాషకు అదనపు తిప్పలు కొన్నున్నాయి. అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర సంకేతాలిచ్చే యూనికోడ్‌ వాడుకలోకి రాకముందు తెలుగు సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడుకున్నాయి, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ పేజీలు నేడు పిచ్చిగీతలే. తెలుగులో పెట్టిన చిరునామాను వాట్సాప్‌లో అతికిస్తే ‘తెలుగు’ అన్న ఒక్క మాటే చాలాసార్లు శాతం గుర్తులతో 54 అక్షరాల తోకవుతుంది. అది చూసి వైరస్‌ అనుకునే పెద్దవాళ్లున్నారు, వాళ్ల తప్పేమీ లేదు. అయినా ఓపికుంటే నిలబెట్టొచ్చు. 1998లో అమెరికాలోని తెలుగువాళ్లు మొదలుపెట్టిన ‘ఈమాట’ పాత సంచికలు ఈనాటికీ చదువుకోవచ్చు. కొద్దిమంది సాహిత్యాభిమానులు చేయగలిగినది కోట్ల బడ్జెట్‌ ఉన్న శాఖలకు చేతకాదంటే నేను నమ్మను.

పాఠకులుగా మనమూ తక్కువ తినలేదు. మంచి వ్యాసం కనబడితే మొత్తం కాపీ చేసి, రాసినవారి పేరు కత్తిరించి, ‘సేకరణ’ అని తగిలించి గ్రూపుల్లోకి తోసేస్తాం. లేదా స్క్రీన్‌షాట్‌ తీస్తాం. మూలంలో దొర్లిన పొరపాటును రచయిత దిద్దుకున్నా ఆ దిద్దుబాటు మన ఫార్వర్డ్‌కు అందదు.

మీకు సొంత సైటు ఉంటే డొమైన్‌ గడువు తేదీ ఈ రోజే చూసుకోండి, దాటితే ఆ పేరును జూదం సైటువాళ్లు కొనేసినా అడ్డుకోలేరు. సైటు లేకపోతే ఈసారి పంపే వ్యాసం కింద దాని లింకు పెట్టండి, అదే పేజీని ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌ వాళ్ల వేబ్యాక్‌ మెషీన్‌లో కూడా భద్రపరచండి. డబ్బులేమీ అడగరు.