వైద్యం ఎర కారాదు, సువార్త మరుగున పడరాదు



సంక్రాంతి వెళ్లి, ఎండలు ముదిరేలోపు సంఘాల నుండి మాకు ఉత్తరాలు ఎక్కువగా వస్తుంటాయి. ఫలానా ఊరిలో వైద్య శిబిరం పెడుతున్నాం, ఇద్దరు సిస్టర్లను, బి.పి. మిషన్‌ను, కొన్ని మందులను పంపండి అని అడుగుతారు. ఆ పిలుపు మాకు సంతోషమే. ఊళ్లోకి వెళ్లి చేసే పరిచర్య మిషన్ ఆసుపత్రులకు కొత్త కాదు. అయితే ఈ శిబిరాల్లో సువార్తకు ఏ చోటు ఇవ్వాలన్న విషయంలో సంఘ పెద్దలది ఒక మాట, యౌవనస్థులది ఒక మాట, స్త్రీల సమాజానిది మరో మాటగా ఉంటోంది. రోగి పక్కన ఎక్కువసేపు నిలబడేది నర్సులమే గనుక ఈ విషయంలో మా అభిప్రాయం చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

సువార్త పక్కకు జరిగే మూడు విధాలు

మొదటిది, సువార్తను దాచిపెట్టడం. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని ప్రభువు పేరు ఎక్కడా వినిపించకుండా, బ్యానరు, ఫొటోలు, ఎంతమంది వచ్చారన్న లెక్కతో శిబిరం ముగించేస్తారు. మంచి పని జరుగుతుంది. కాని ఎందుకు వచ్చారమ్మా ఇంత దూరం అని ఒక ముసలమ్మ అడిగితే, ఏం చెప్పాలో తెలియక మన పిల్లలు నేలచూపులు చూస్తారు.

రెండవది, వైద్యాన్ని ఎరగా వాడడం. ముందు వాక్యం వింటేనే చీటీ ఇస్తాం, కూటం చివరిదాకా కూర్చుంటేనే మందులు ఇస్తాం అనడం. జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చున్న తల్లి చెవిలో ఆ వాక్యం ఎలా పడుతుందో ఒకసారి ఆలోచించండి. ఆమె వింటున్నది చీటీ కోసమే.

మూడవది, సువార్త స్థానంలో స్వస్థత హామీని నిలబెట్టడం. నూనె రాస్తే షుగరు పోతుంది, ప్రార్థన చేయించుకుంటే మాత్రలు అక్కర్లేదు అని మైకులో చెప్పడం. ఈ మూడింటిలోనూ మమ్మల్ని ఎక్కువగా భయపెట్టేది ఇదే. దాని సంగతి తర్వాత చెబుతాం.

ప్రభువు చేసిన క్రమం

లూకా సువార్త 9వ అధ్యాయంలో ప్రభువు తన పన్నెండుమందిని పంపినప్పుడు రాజ్యాన్ని ప్రకటించే పని, రోగులను బాగుచేసే పని రెండూ అప్పగించాడు. ఒకదాన్ని రెండవదానికి వెలగా పెట్టలేదు. 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, అతడూ సమరయుడే. మిగతా తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడు గాని, వారికి ఇచ్చిన స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

యోహాను సువార్త 6వ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. రొట్టెలు తిన్న జనం మరునాడు ఆయన్ను వెదుక్కుంటూ వచ్చారు. మీరు రొట్టెల కోసమే వచ్చారని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ తర్వాత చెప్పిన మాటలు కఠినంగా ఉన్నాయని చాలామంది వెళ్లిపోయారు. వెళ్లేవారిని నిలపడానికి ఆయన మళ్లీ రొట్టెలు పంచలేదు. ఆకలిగా ఉన్నవారికి షరతు లేకుండా పెట్టాడు, సత్యాన్ని తగ్గించకుండా చెప్పాడు. సువార్త మధ్యలో ఉండడమంటే మా దృష్టిలో ఇదే. కృప ఉచితమని ప్రకటించే మనం, ఒక పారాసిటమాల్ మాత్రకు వాక్యం వినడాన్ని వెలగా కడితే, మన చేతులే మన నోటిని అబద్ధం చేస్తాయి.

ఒంగోలు నేర్పిన పాఠం

ఈ సంగతి మన తెలుగు సంఘాలకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. 1876 నుండి 1878 వరకు ధాత కరువు దక్షిణ దేశాన్ని పీల్చి పిప్పి చేసింది. ఒంగోలులో ఉన్న బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశారు. అక్కడ బోధకులూ ఉన్నారు, సువార్త చెప్పారు, జనం విన్నారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. అయినా కరువు సాయం జరుగుతున్న కాలంలో, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం విశ్వాసులయ్యారన్న మాట రాకూడదని, అలాంటి విశ్వాసం నిలవదని ఆయన తలంపు.

ఇక సాయం ఏమీ లేదని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. మేము డబ్బుకు రాలేదు, కష్టపడి తింటామనడానికి మా చేతులే సాక్ష్యం అన్నారని ఆ రోజుల వృత్తాంతాలు చెబుతున్నాయి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మన కూటాల్లో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న ఏడాది నిరీక్షణను మాత్రం చెప్పుకోవడం మరిచిపోతున్నాం. ఆ నిరీక్షణ లేకపోతే ఆ సంఖ్యకు విలువ ఎక్కడిది?

గుంటూరు సంగతి కూడా ఇలాంటిదే. 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమ్మగారు లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. డాక్టరు చదువు చదివినా, మొదట ఆమెకు అప్పగించింది స్త్రీల మధ్య బోధనా పని. పక్కన వైద్యం మొదలుపెట్టి, పట్టువదలక చేస్తూ పోయారు. ఆసుపత్రి తెరిచేసరికి 1898 అయింది. పదిహేనేళ్లు! 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. అన్నేళ్లు ఒక ఊరిని అంటిపెట్టుకుని ఉన్న మనిషిని చూసి ఈమె వెనుక ఎవరున్నారని జనం అడుగుతారు. ఒక్క ఆదివారం సాయంత్రం వచ్చి, మైకు కట్టి వెళ్లిపోతే ఎవరూ అడగరు.

మంచం మీద ఉన్న మనిషి

నర్సులుగా మాకు తెలిసిన ఒక విషయం సంఘాలకు అంతగా తెలియకపోవచ్చు. మంచం పట్టిన మనిషి కాదనలేడు. సెలైన్ అయిపోతే మార్చాల్సింది మేమే, రాత్రి నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వాల్సింది మేమే, బెడ్‌పాన్ అందించాల్సింది మేమే. అలాంటి మనిషి దగ్గర నిలబడి మేము ఏం అడిగినా సరే సిస్టర్ అనే అంటాడు. ఆ సరేను విశ్వాసంగా లెక్కవేయడం న్యాయం కాదు. మన రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కుతో పాటు ప్రతివారికీ మనస్సాక్షి స్వేచ్ఛను ఇచ్చింది. ఆ స్వేచ్ఛ రోగి గౌను తొడుక్కున్నాక కూడా ఉంటుంది.

అందుకే మా సిస్టర్లకు చెప్పేది ఇది. ప్రార్థన చేయమంటారా అని అడగండి. వద్దంటే నవ్వుతూ సరే అనండి, ఆ రాత్రి అతని పక్కబట్టలు ఇంకాస్త శ్రద్ధగా మార్చండి. ఆపరేషన్‌కు ముందు మొలతాడు, తావీజు, మెట్టెలు తీయించాల్సి వస్తుంది. అది శుభ్రత కోసం, కరెంటు పరికరాల వల్ల కాలకుండా ఉండడం కోసం. అలా అని చెప్పి, కవరులో పెట్టి, పేరు రాసి ఇంటివారి చేతికి ఇవ్వాలి. ఆ సమయాన్ని ఇంకో మాటకు వాడుకోరాదు. ఎవరైనా తామంతట తాము అమ్మా, మీ దేవుని గురించి చెప్పండి అని అడిగితే దాచనక్కరలేదు. పాపులను వెదికి రక్షించడానికి వచ్చి, సిలువ మీద ప్రాణం పెట్టి, తిరిగి లేచిన యేసును గూర్చి తేట మాటల్లో చెప్పాలి. అడగని మాట తొందరపడి చెప్పేవారు అడిగిన మాటకు తడబడడం మేము చాలాసార్లు చూశాం.

స్వస్థత హామీల గురించి

ఇప్పుడు మూడవ సంగతి. ప్రభువు బాగుచేయగలడని మేము నమ్ముతాం. ప్రతి ఉదయం డ్యూటీ మొదలయ్యేముందు రోగుల కోసం ప్రార్థిస్తాం. కాని మందు మానేయండని చెప్పే అధికారం సువార్త ఎవరికీ ఇవ్వలేదు.

క్షయ జబ్బుకు మందులు సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బరువు పెరుగుతారు. అప్పుడే సాక్ష్యం చెప్పించి మందు మాన్పిస్తే, లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారవచ్చు. ఆ జబ్బే ఇంట్లో పిల్లలకు అంటుకోవచ్చు. చిన్నప్పటి నుండి ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు అది ఆపితే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు. బి.పి. ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా తెలియదు. బాధ లేదని మాత్ర మానేస్తే పక్షవాతం రూపంలో బయటపడవచ్చు.

బాగుకాకపోతే నీ విశ్వాసం చాలలేదు అంటారు. జబ్బు భారానికి తోడు నేరం భారం. సువార్త భారాలు దించేది. పౌలుకు శరీరంలో ముల్లు ఉండిపోయింది, మూడుసార్లు ప్రార్థించినా తీయబడలేదు. ఆయనకు విశ్వాసం లేదని మనలో ఎవరైనా అనగలమా? అదే పౌలు తిమోతి కడుపు జబ్బుకు ఏం తీసుకోవాలో ఉత్తరంలో రాశాడు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. దేవుని కృప ఒంట్లో జబ్బు ఉన్నవారికీ సరిపోతుందన్నదే శుభవార్త. ఇది చెప్పకుండా హామీలు పంచితే, క్యాన్సర్ వార్డులో చివరి రోజుల్లో ఉన్న అక్కకు మనం చెప్పడానికి ఏమీ మిగలదు. అక్కడ చెప్పలేని సువార్తను శిబిరంలో చెప్పడం ఎందుకు?

రెండు ప్రశ్నలు

వాక్యం ముందు చెప్పకపోతే మన శిబిరానికీ క్లబ్బులవారి శిబిరానికీ తేడా ఏమిటని పెద్దలు అడుగుతారు. తేడా శిబిరం తర్వాత కనిపించాలి. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్లిన కాపరి కథ మనకు తెలుసు. బి.పి. 180 ఉందని చీటీ మీద రాసి పంపిన మనిషి ఆసుపత్రికి వచ్చాడో లేదో వారం తర్వాత వెళ్లి కనుక్కునేవారు కావాలి. అది సంఘం చేయగలదు.

సేవ చేస్తే చాలదా, పేరు ఎందుకు అని యౌవనస్థులు అడుగుతారు. మనకు ప్రేమ ఎక్కడినుండి వచ్చిందో చెప్పకపోతే, జనం మనల్ని మెచ్చుకుని వెళ్లిపోతారు. ఆ మెప్పు మనది కాదు.

మేము కోరేవి

ఇకమీదట శిబిరానికి మా సిస్టర్లను పిలిచే సంఘాలు ఈ కొద్ది విషయాలు పాటించాలని మనవి.

వచ్చిన వరుసలోనే చీటీ ఇవ్వాలి. కులం, మతం, సంఘ సభ్యత్వం చూడరాదు. పరీక్ష, మందు అయ్యాకే, ఇష్టమున్నవారికి వేరే చోట ప్రార్థన, వాక్యం ఉండాలి. ఇష్టం లేనివారు మందు పొట్లంతో నిశ్చింతగా ఇంటికి వెళ్లాలి. మంచినీళ్లు, నీడ, ముసలివారికి కుర్చీలు తప్పక ఉండాలి. ఏ మందూ ఆపమని ఎవరూ చెప్పరాదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవారిని కఫ పరీక్షకు పంపాలి. రోగుల ఫొటోలు వారి అనుమతి లేకుండా తీయరాదు, వారి జబ్బులు సాక్ష్యాలుగా చెప్పరాదు. శిబిరం రిజిస్టరు సంఘంలో ఇద్దరి చేతికి ఇవ్వాలి. వారు వారంలోగా ఇళ్లు తిరిగి రావాలి. శిబిరానికి ముందు శనివారం, వాలంటీర్లు తమ విశ్వాసం గురించి సూటిగా, మర్యాదగా రెండు నిమిషాల్లో చెప్పడం పాస్టరుగారి దగ్గర నేర్చుకోవాలి.

వీటికి ఒప్పుకోని చోటికి మా సిస్టర్లను పంపలేమని ప్రేమతోనే చెబుతున్నాం. ఈ మాట కొందరికి కష్టంగా ఉండవచ్చు. మా చేతుల్లో పడే ప్రాణాలకు మేము జవాబుదారులం.

ఇతర విశ్వాసాలకు చెందిన మా రోగులకు ఒక మాట. ఈ ఆసుపత్రి ఎందుకు పుట్టిందో మేము దాచం. మీరు నమ్మినా నమ్మకపోయినా మీకు అందే వైద్యంలో తేడా ఉండదు. ఎక్కడైనా తేడా కనిపిస్తే నర్సింగ్ ఆఫీసుకు వచ్చి నేరుగా చెప్పండి, వింటాం.

సంఘాలకు మా విన్నపం. ఈ సంవత్సరపు శిబిరానికి తేదీ నిర్ణయించే ముందు కమిటీలో ఈ విషయాలు చదివి, ప్రార్థించి, మాట్లాడుకోండి. రిజిస్టరు పట్టుకుని ఇళ్లు తిరిగే ఆ ఇద్దరి పేర్లు మీ ఉత్తరంలో ముందే రాసి పంపండి. మా సిస్టర్లు సంతోషంగా వస్తారు.

క్రీస్తు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్