కొండగుర్తు – శాఖాచంద్రన్యాయం

ఉదయవేళ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, ఆర్ట్స్ కళాశాల పరిసరాలలోని చెట్ల క్రింద పోటీపరీక్షలకై దీక్షగా చదివే విద్యార్థులు కానవస్తారు. సాయంకాలం తార్నాకలోని గదులకు చేరేసరికి చదివినదానిలో చాలాభాగం విస్మృతమవుతుంది. తనకు మేధాశక్తి లేదన్న నిస్పృహ అక్కడే అంకురిస్తుంది. నిజానికి లోపం మేధది కాదు. మేధకు తగిన ఆలంబనం లేకపోవడమే లోపం.

మన పూర్వులు ధారణను దైవాధీనంగా విడిచిపెట్టలేదు. వేదపదాలను క్రమపాఠంలో 1-2, 2-3, 3-4 అని జంటలుగా కూర్చారు. జటాపాఠంలో 1-2, 2-1, 1-2 అని ముందుకూ వెనుకకూ అల్లారు. ప్రతి పదమూ పొరుగు పదానికి సాక్షి. ఈ వేదపఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

తెలుగువారి అవధానవిద్యకూ ఇట్టి ఆలంబనమే ఉన్నది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు; పదవ అక్షరం యతిస్థానం; నాలుగు పాదాలలో రెండవ అక్షరం ప్రాస. జారిన చోట ఏ వర్ణం ఉండవలెనో ఛందస్సే సూచిస్తుంది. అష్టావధానాంతంలో అవధాని పద్యాలన్నీ తిరిగి అప్పగించడంలో ప్రతిభతోపాటు ఈ కట్టుబాటుకూ భాగమున్నది.

కొండగుర్తులు కేవలం కపటోపాయాలనీ, జ్ఞానవిరోధులనీ కొందరి ఆక్షేపణ. అది అర్ధసత్యం మాత్రమే. చెట్టుకొమ్మను చూపి చంద్రుని చూపడం శాఖాచంద్రన్యాయం. కొండగుర్తు కొమ్మ, అర్థం చంద్రుడు. కొమ్మ వద్దనే చూపు నిలిచిపోతే దోషం చూచేవానిది, కొమ్మది కాదు.

పంచకోశాలనే ఉదాహరణగా గ్రహిద్దాం. అన్నమయ, ప్రాణమయ, మనోమయ, విజ్ఞానమయ, ఆనందమయాలను 'అ-ప్రా-మ-వి-ఆ' అని గుర్తుంచుకోవడం సులభం. అయితే ఆ క్రమం స్థూలం నుండి సూక్ష్మానికి సాగే అంతర్యాత్ర అని తెలిసిన సాధకునికి, కాలక్రమంలో ఆ అక్షరాల అవసరమే ఉండదు. అర్థమే స్మృతిని మోస్తుంది.

కనుక విద్యార్థి తన కొండగుర్తును తానే కల్పించుకోవాలి. ప్రాంగణం నుండి తార్నాకకు నడిచే దారిలో, పుస్తకం మూసి, ఆ గుర్తు సాయంతో పాఠాన్ని మనసులో అప్పజెప్పుకోవాలి. ఆపై దాని భావాన్ని స్వంత మాటలలో చెప్పుకోవాలి. తప్పిన చోటును మరల చూడాలి. శ్రవణం తరువాత మననం విధించిన మన సంప్రదాయానికి ఇది అనుగుణమైన అభ్యాసం. మరపు పాపం కాదు; మననం లేని పఠనమే వ్యర్థశ్రమ.